పాలిన్, బైడెన్ డిబేట్: చూసినోళ్లు ఏం చెప్పిండ్రు?

(2008 అక్టోబర్ 11, శనివారం నాడు న్యూజెర్సీల మిత్రులు కలిసినప్పుడు చేసిన ప్రసంగం)



నాకు ఇర్వై నిమిషాలు ఇచ్చి, ఎన్నికల మీద ఏమన్న మాట్లాడుమన్నరు. ఒబామా మంచోడా, మెకెయిన్ మంచోడా అనేది నేను ఇక్కడ చెప్ప. ఆ పంచాయితి ఎట్లాగు భోజనాల కాడ పెట్టుకుంటం. నేను మాట్లాడేది అక్టోబర్ 2 నాడు సెయింట్ లూయిస్‌ల, వాషింగ్టన్ యూనివర్సిటీల జరిగిన వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థుల డిబేట్ గురించి. అందుల కూడ మాట్లాడిన ఇద్దరి గురించి తక్కువ, చూసినోళ్ల గురించి ఎక్కువ.

తొమ్మిది రోజులాయె. ఆఫీసుల, కారుల, ఫోన్‌ల, ఎక్కడ చూసినా ఒక్కటే ముచ్చట: ఎవరు గెల్చిండ్రు? నా లెక్కల అది ఒక్క ప్రశ్న కానే కాదు. చూసిన జనం దాన్ని నాలుగు ప్రశ్నలు చేసుకున్నరు. నాలుగింటికి నాలుగు తీర్ల జవాబు చెప్పిండ్రు. టీవీల కూసున్న పండితులకంటె వాళ్లే హుషారుగ ఉన్నరని నాకనిపించింది. అదెట్లనో చెప్త.

ముందుగాల చూసినోళ్లు ఎంతమందో చూద్దాం. నీల్సన్ లెక్క ప్రకారం దగ్గర దగ్గర 7 కోట్ల మంది. దానికి ఆరు రోజుల ముందు ఒబామా, మెకెయిన్ తలపడ్డ మొదటి డిబేట్‌ను చూసింది 5 కోట్ల 24 లక్షలే. పెద్ద కుర్సీ కోసం కొట్లాడేటోళ్లకంటె పక్క కుర్సీ కోసం కొట్లాడేటోళ్లను ఎక్కువమంది చూసిండ్రన్నట్టు. అంతకుముందు వైస్ ప్రెసిడెంట్ డిబేట్లల్ల రికార్డు 1984ది. జెరాల్డిన్ ఫెరారో, పెద్ద బుష్ మాట్లాడిన డిబేట్ అది. అప్పుడు కూడ వేదిక మీద ఒక ఆడామె ఉండె. యాది పెట్టుకోండి, దానికాడికి మళ్ల వస్త.

ఇంతమంది ఎందుకు కూసున్నరు? సారా పాలిన్ పేరు మెకెయిన్ బయటపెట్టింది ఆగస్టు 29న. అలాస్కా గవర్నరై రెండేండ్లు కూడ కాలేదు. సెప్టెంబర్‌ల పార్టీ సభల మాట్లాడితె దేశమంత తిరిగి చూసింది. ఆ తర్వాత సీబీఎస్ ఛానెల్‌ల కేటీ కౌరిక్ ఇంటర్వ్యూలు వచ్చినయి. ఏ పేపర్లు చదువుతవమ్మా అని అడిగితె ఒక్క పేపర్ పేరు కూడ చెప్పలేకపోయింది. శనివారం రాత్రి కామెడీ షోల టీనా ఫే ఆమె వేషం కట్టి నవ్విచ్చింది. అదే టైంల సెప్టెంబర్ 29న 70,000 కోట్ల డాలర్ల బెయిలౌట్ బిల్లు ప్రతినిధుల సభల 228-205తోని ఓడిపోయింది. ఒక్కనాడు డౌ 777 పాయింట్లు పడ్డది. ఇక్కడ కూసున్నోళ్లల్ల చానమంది ఆ రాత్రి 401కె తెరిచి చూసుకునే ఉంటరు.

అంటె ఇల్లు కాలే టైంల జనం టీవీ ముందట కూసున్నరు. సగం మంది ఆమె తడబడ్తదని ఎదురుచూసిండ్రు. బైడెన్‌కు నోరు జారుతదని పేరున్నది కాబట్టి, ఇంకొందరు ఆయన ఎప్పుడు జారుతడా అని చూసిండ్రు. గీత అంత కిందికి గీస్తె, కాలు ఎత్తినోళ్లంత దాటినట్టే గద.

ఇగ ఆ తొంభై నిమిషాలు. పీబీఎస్ నుంచి గ్వెన్ ఐఫిల్ ప్రశ్నలడిగింది. పాలిన్ రాంగనే చెయ్యి కలిపి, నిన్ను జో అని పిలవొచ్చా అని బైడెన్‌ను అడిగింది. కెమెరాల దిక్కు చూసి కన్ను గొట్టింది. హాకీ ఆడే పిల్లల తల్లులు, శనివారం ఫుట్‌బాల్ ఆటకాడ కూసున్న తల్లిదండ్రులు అనుకుంట ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడింది. తడబడలే. కాని షురువులనే ఒక మాట సాఫుగ చెప్పేసింది: మోడరేటర్‌కు గని నీకు గని కావల్సిన తీరుగ నేను జవాబులు చెప్పకపోవచ్చు, నేను సీదా ప్రజలతోనే మాట్లాడ్త అని. అట్లనే చేసింది. దివాళా చట్టం గురించి, ఇండ్ల అప్పులు కట్టలేనోళ్ల గురించి ప్రశ్న వస్తె, ఒక్క ముక్కల తేల్చేసి అలాస్కా ఆయిలు, గ్యాసు దిక్కు మర్రింది.

బైడెన్ ఏం తక్కువ తినలేదు. ముప్ఫై ఆరేండ్ల సెనేటర్, వైస్ ప్రెసిడెంట్ పాత్ర గురించి చెప్పుకుంట, రాజ్యాంగం మొదటి ఆర్టికల్ అంటె ఎగ్జిక్యూటివ్ బ్రాంచి అన్నడు. ఎగ్జిక్యూటివ్ బ్రాంచి ఉన్నది రెండో ఆర్టికల్‌ల. హిజ్బుల్లాను లెబనాన్ నుంచి వెళ్లగొట్టినమన్నడు, అది జరగనే లేదు. తను మామూలు మనుషుల మనిషినని చెప్పుకుంట, విల్మింగ్టన్‌ల కేటీస్ రెస్టారెంట్‌కు రాండ్రి, జనం ఏమంటున్నరో వినుండ్రి అన్నడు. ఆ హోటల్ మూతపడి ఏండ్లయిందని మర్నాడు పేపర్లు రాసినయి. ఇంటి మాట పాలిన్ ఒక్కతే అమ్మలేదు, ఇద్దరూ అమ్మిండ్రు.

ఒక్క క్షణం మాత్రం అమ్మకం లెక్క అనిపించలేదు. 1972ల యాక్సిడెంట్ అయ్యి బైడెన్ భార్య, పసిబిడ్డ చనిపోయిండ్రు. ఇద్దరు కొడుకులు దవాఖానల పడ్డరు. పిల్లలను ఒంటరిగ సాదుడంటె ఏందో మొగోనికి తెల్వదనుకోవద్దు అని చెప్పుకుంట గొంతు పూడుకపోయింది. దాని వెనుకనే మాట్లాడిన పాలిన్ ఆ మాట ముట్టకుంట, మెకెయిన్ ఎంత తిరుగుబాటు మనిషో చెప్పుకుంట పోయింది. రాసుకొచ్చిన జవాబు పక్కన పెట్టి ఎదుటి మనిషి దిక్కు చూడాల్సిన జాగ అది.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. డిబేట్ కాంగనే సీఎన్ఎన్ పోల్ వచ్చింది. నాలుగు అంకెలు జెర మనసుల పెట్టుకోండి.

ఒకటి: పాలిన్ అనుకున్నదానికంటె మంచిగ మాట్లాడిందా? అవునన్నోళ్లు 84 శాతం. బైడెన్ విషయంల అదే మాట అన్నోళ్లు 64 శాతం.

రెండు: ఇద్దరిల ఎవరు నచ్చిండ్రు? పాలిన్ 54 శాతం, బైడెన్ 36 శాతం.

మూడు: ఎవరు మంచిగ వాదించిండ్రు? బైడెన్ 51, పాలిన్ 36.

నాలుగు: అవసరం పడితె అధ్యక్ష పదవి చేసే అర్హత ఉన్నదా? బైడెన్‌కు ఉన్నదన్నోళ్లు 87 శాతం. పాలిన్‌కు ఉన్నదన్నోళ్లు 42 శాతం.

84 నుంచి 42. సరిగ్గ సగం. అవే మనుషులు, అదే రాత్రి, అదే టీవీ. అంటె పాలిన్‌ను మెచ్చుకున్నోళ్లల్ల చానమంది, ఆ కుర్సీల కూసోబెట్టనీకి మాత్రం ఒప్పుకోలేదు. ఎటూ తేల్చుకోని ఓటర్లను సీబీఎస్ వాళ్లు అడిగితె బైడెన్ గెల్చిండన్నోళ్లు 46 శాతం, పాలిన్ అన్నోళ్లు 21 శాతం, సమానం అన్నోళ్లు 33 శాతం.

మన పనిల దీన్ని రోజూ చూస్తం. వెండర్ వచ్చి డెమో ఇస్తడు. స్క్రీన్లు చకచక మారుతయి, మాట తియ్యగ ఉంటది, రూంల అందరు చప్పట్లు కొడ్తరు. కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే ముందు మేనేజర్ అడుగుతడు: రాత్రి రెండింటికి సిస్టం కూలితె ఎత్తేది ఎవరు? డెమోకు చప్పట్లు కొట్టుడు వేరు, సంతకం పెట్టుడు వేరు. ఆ రాత్రి అమెరికా ఓటరు చప్పట్లు కొట్టి, సంతకం దగ్గర ఆగిండు.

టీవీ పండితులు మాత్రం మొదటి ప్రశ్నకాడనే ఆగిపోయిండ్రు. పడిపోలేదు కాబట్టి గెల్చినట్టే అని కొందరు, పెద్ద తప్పు మాట్లాడలేదు కాబట్టి సమానం అని కొందరు. పార్టీలోళ్లు ఎవరి పాట వాళ్లు పాడుకున్నరు. సీఎన్ఎన్ స్క్రీన్ కింద ఒహాయో ఓటర్ల చేతుల మీటర్లు పెట్టి, మొగోళ్లకు ఒక గీత, ఆడోళ్లకు ఒక గీత నడిపిండ్రు. మాటమాటకు గీత లేస్తది, పడ్తది. ఆ గీత చెప్పేది ఆ సెకండ్ల చెవికి ఇంపుగ ఉన్నదా లేదా అనేదే. తొంభై నిమిషాలు విని, కాసేపు ఆగి, ఈ మనిషికి దేశం అప్పజెప్తనా అని ఆలోచించుకునుడు ఏ మీటర్‌ల కనవడదు.

వైస్ ప్రెసిడెంట్ డిబేట్ల చరిత్ర కూడ ఇదే చెప్తది. 1976ల మొదలైనయి ఇవి. 1988ల డాన్ క్వేల్ తనను కెనడీతోని పోల్చుకుంటె, లాయిడ్ బెంట్సెన్ నువ్వు జాక్ కెనడీవి కాదయ్యా అని ఒక్క మాటతోని చిత్తు చేసిండు. ఇర్వై ఏండ్లయినా ఆ మాట యాది చేస్తనే ఉన్నరు. కాని ఆ ఏడు 40 రాష్ట్రాలు గెల్చింది పెద్ద బుష్, క్వేల్ జోడీనే. ఆ రాత్రి బెంట్సెన్‌ది, ఎన్నిక వాళ్లది.

ఇప్పుడు మనోళ్ల ముచ్చట. ఆ రాత్రి ఒక దోస్తు ఇంట్ల పదిహేను మందిమి కూసుని చూసినం. అందరం చదువుకున్నోళ్లం. నవ్వులు మస్తు వచ్చినయి. ఏ నవ్వు ఎక్కడ వచ్చిందో నేను జెర గమనించిన. దివాళా ప్రశ్నకు ఆయిల్ జవాబు వచ్చినప్పుడు ఎవ్వరు నవ్వలేదు. ఆమె మాట యాసల సాగినప్పుడు, పల్లెటూరి ముక్క ఏదన్న వచ్చినప్పుడు గొల్లుమన్నరు. కండ్లద్దాలు, జుట్టు ముడి, పెదాల రంగు మీద జోకులు పేలినయి. ఎదురుంగ నిలబడ్డ బైడెన్ టై రంగు ఏందో ఒక్కలు కూడ చెప్పలే. ఇర్వై నాలుగేండ్ల కింద ఫెరారోకు కూడ ఈ బాధ తప్పలేదు. మాట కంటె ముందు మనిషిని తూచుడు ఆడోళ్ల కాడికే వస్తది.

యాస మీద నవ్వుడు మనకు కొత్తనా చెప్పుండ్రి. ఎన్ని సినిమాలల్ల మన మాట రౌడీకి, జోకర్‌కు పెట్టిండ్రో మనకు తెల్వదా? నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు వైవాల ఒక ఎగ్జామినర్ మోటర్ల మీద ప్రశ్న అడిగిండు. జవాబు కరెక్టే చెప్పిన, చెప్పింది మా ఇంటి మాటల. ఆయన పక్కాయనను చూసి నవ్విండు. "ముందు తెలుగు నేర్చుకో బాబూ" అన్నడు. నేను చెప్పిన జవాబు తప్పా ఒప్పా అని ఆ రూంల ఎవ్వరికి పట్టలే. ఇక్కడ అసుంటి కథ లేనోళ్లు ఎవరన్న ఉన్నరా? మరి గా బాధ తెలిసిన మనం, అలాస్కా ఆడామె యాసకు నవ్వుతె ఎట్ల?

ఒక తమ్ముడు నాతోని వాదం పెట్టుకున్నడు. "అన్నా, ఆమెకు ఆ యాసే ఆయుధం గదా. జవాబు తెల్వనికాడ ఇంటి మాట అడ్డం పెడ్తున్నది. నవ్వకుంట ఎట్లుంటం?" అన్నడు. మంచి ప్రశ్న. నేను చెప్పిందేందంటె, అడ్డం పెడ్తున్నది నిజమే, అయితె అడ్డం వెనుక ఏమున్నదో అడుగు. బ్యాంకులు మునుగుతున్నయి, ఇండ్లు జప్తవుతున్నయి, నీ దగ్గర ఏమున్నదమ్మా అని అడుగు. టీనా ఫే వేషం అంత గట్టిగ తగిలింది ఎందుకు? పాలిన్ ఇంటర్వ్యూల చెప్పిన జవాబునే దాదాపు ఉన్నదున్నట్టు చదివినప్పుడు అది తగిలింది. జవాబుల పస లేదని జనానికి అర్థమైంది. ఒట్టి యాస మీద నవ్వినప్పుడు మాత్రం పాలిన్ పార్టీకే లాభం. చూసిండ్రా, పట్నం చదువులోళ్లు మిమ్ములను చూసి నవ్వుతున్నరు అని ఊరూరు తిరిగి చెప్పుకుంటరు. ఆ మాట అబద్ధం కూడ కాదు.

ఆ 54 శాతం మందిల కొందరు చేసిన పని చూడుండ్రి. ఆమె మాట తీరును ఇష్టపడ్డరు, వెక్కిరించలేదు. అయినా అర్హత కాడికి వచ్చేసరికి గట్టిగ నిలబడ్డరు. మనిషికి మర్యాద ఇచ్చి, పదవికి పరీక్ష పెట్టిండ్రు. మన పదిహేను మందికంటె వాళ్లు ముందున్నరు.

మన దిక్కు వచ్చే ఏడు ఎన్నికలున్నయి. ముఖ్యమంత్రి కావాలనుకునేటోళ్లు పక్కపక్కన నిలబడి, ఒకే ప్రశ్నకు తొంభై సెకండ్లల్ల జవాబు చెప్పే రివాజు మన దగ్గర లేదు. స్టూడియోల నలుగురు ఒక్కసారే అరుసుడు ఉన్నది. ఇసుంటి డిబేట్ మన దగ్గర కూడ కావాలని అడుగుదాం. అది వచ్చేదాంక, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరు మంచిగ మాట్లాడిండ్రు అని అడిగి ఊకోవద్దు. ఏం అడిగిండ్రు, ఏం చెప్పిండు అని అడుగుండ్రి.

ఇగ చేసే పని. బుధవారం, 15వ తారీఖు, ప్రెసిడెంట్ అభ్యర్థుల ఆఖరి డిబేట్ ఉన్నది. కాయితం మీద నాలుగు గీతలు గీసుకోండి: అనుకున్నదానికంటె మంచిగ మాట్లాడిండా, నచ్చిండా, మంచిగ వాదించిండా, కుర్సీకి పనికొస్తడా. డిబేట్ కాంగనే టీవీ బందు పెట్టుండ్రి. పండితులు నోరు తెరవక ముందే నాలుగూ నింపుండ్రి. పిల్లలతోని కూడ నింపియ్యుండ్రి, వాళ్ల కాయితం మన కాయితం ఒక్క తీరుగ ఉండదు.

మనల చానమంది హెచ్-1 మీద ఉన్నరు, ఓటు లేదు. కాని సిటిజన్లయినోళ్లు ఈ రూంల కనీసం పదిమంది కనవడ్తున్నరు. న్యూజెర్సీల ఓటరు రిజిస్ట్రేషన్‌కు ఆఖరి తారీఖు 14, అంటె మంగళవారం. ఫారాలు నా బ్యాగుల ఉన్నయి. నవ్వినోళ్లు, నవ్వనోళ్లు, పేరు నమోదు కానోళ్లందరు భోజనానికి లేచే ముందు ఒక్కటి నింపి పోండ్రి.