విరాళం అడిగితే కంగారెందుకు?

ఉప్పల్ రింగ్ రోడ్డు జిరాక్స్ షాపుల్లో, నాచారం పారిశ్రామికవాడలోని చిన్న ఆఫీసుల్లో లిబ్రే ఆఫీస్‌తో బిల్లులు, కొటేషన్లు కొట్టుకునేవాళ్లకు ఈ నాలుగు మాటలు.

ఒక్కోసారి ఫైలు తెరవగానే పైన ఒక పట్టీ వస్తుంది, విరాళం ఇవ్వమని. ట్రయల్ అయిపోయిందేమోనని కంగారు పడతారు కొందరు. దీనికసలు ట్రయలే లేదు! 2010లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ వెనక ఉన్నది బెర్లిన్‌లోని డాక్యుమెంట్ ఫౌండేషన్. లైసెన్సు రుసుము తీసుకోదు గనుక విరాళాలే దానికి ఆధారం. పట్టీ చివరనున్న ఇంటూ గుర్తు నొక్కండి, పోతుంది. పని ఆగదు. ఇలా అడిగేవి ఇంకా ఉన్నాయి. లినక్స్‌లో కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ అయితే ఏడాదికొక్కసారి, డిసెంబరులో అడుగుతుంది. సెట్టింగుల్లో అదీ ఆపేయొచ్చు. వికీపీడియాలో ఖాతా ఉంటే, అభిరుచుల్లోకి వెళ్లి నిధుల సేకరణ బ్యానర్లకు టిక్కు తీసేయండి.

నన్నడిగితే, రోజూ లిబ్రే ఆఫీస్‌తోనే నాలుగు డబ్బులు సంపాదిస్తున్నవాళ్లు ఏడాదికో బిర్యానీ ఖర్చు పంపడం న్యాయం. పంపకపోయినా తప్పు లేదు.

జాగ్రత్త పడాల్సింది మరోచోట. ‘ఈ నంబరుకు ఫోన్ చేయండి, లేకుంటే కంప్యూటర్ లాకవుతుంది’ అని బెదిరిస్తే అది విరాళం కాదు, మోసం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.