పుస్తకం ఇచ్చినంత మాత్రాన చేరినట్టు కాదు

(భిలాయి నెహ్రూ నగర్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పల్లె బడుల పిల్లలకు పుస్తకాలు సేకరించి పంపాలన్న మీ నిర్ణయాన్ని మనసారా అభినందిస్తున్నాము. గోడ వారగా పేర్చిన కట్టలను చూశాము. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా బతుకుతెరువుకై ఇక్కడికి చేరిన కుటుంబాల వారు, తమ పిల్లలు చదివిన పుస్తకాలకు అట్టలు వేసి మరీ తెచ్చారు. హిందీ పుస్తకాలు చుట్టుపక్కల పల్లెలకు, తెలుగు పుస్తకాలు విజయనగరం వైపు పల్లెలకు అని వేరుచేయడం కూడా బాగున్నది. అయితే ఒక అనుభవం చెప్పక తప్పదు.

కొన్నేళ్ళ క్రితం మేమూ ఇటువంటి పనే చేశాము. నాలుగు గోనె సంచుల పుస్తకాలు ఒక పల్లె బడిలో దింపి, ఫొటో తీయించుకొని తిరిగి వచ్చాము. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే రెండు సంచులు కుట్టు విప్పకుండానే ఉన్నాయి. మిగిలిన పుస్తకాలు బీరువాలో, తాళం వెనుక. ప్రధానోపాధ్యాయుని మీద మాకు కోపం వచ్చిన మాట నిజం. ఆయన నెమ్మదిగా, “రిజిస్టరులో ఎక్కిన పుస్తకం పోతే నా జీతంలో కోస్తారండీ” అన్నారు. పార్సిలు పోతే, క్యాష్ తగ్గితే రికవరీ ఎవరి మీద పడుతుందో ఎరిగిన వారం మనం. ఇంకేమనగలము? తప్పు మాదే. పుస్తకాలు దింపామే గాని, వాటిని తిప్పే మనిషిని ఏర్పాటు చేయలేదు.

మన పెద్దలు ఈ సంగతి ఎరుగుదురు. 1935లో పెదపాలెం సేవాశ్రమ వాణీమందిరం పక్షాన పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పడవ గ్రంథాలయం ప్రారంభించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాలు ప్రయాణం చేసేవి. పడవ మళ్ళీ వస్తుంది గనుక చదివినది తిరిగి ఇవ్వవచ్చు, మరొకటి తీసుకోవచ్చు.

దాదాపు అదే కాలంలో, ఆర్థిక మాంద్యపు రోజులలో, అమెరికాలోని కెంటకీ కొండలలో ప్రభుత్వ ఉపాధి పథకం కింద గుర్రాల మీద, కంచరగాడిదల మీద పుస్తకాలు మోసేందుకు మనుషులను నియమించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. వాగులు దాటి ఇళ్ళకూ బడులకూ వెళ్ళేవారు. పుస్తకాలు జనం ఇచ్చిన విరాళమే. చిరిగిన పత్రికలలోని ముక్కలు కత్తిరించి, అతికించి కొత్త పుస్తకాలు తయారుచేసేవారు. మోసే మనిషికి మాత్రం నెలకు సుమారు 28 డాలర్ల వేతనం ఉండేది. 1943లో పథకం ముగిసింది. వేతనం ఆగింది, గుర్రాలూ ఆగాయి. పుస్తకాలు అయిపోయి కాదు!

ఇక మన శాఖల మాట. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేశారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. ఆరంభించినప్పటి రేటు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. మన కట్టలకు అది అక్కరకు వస్తుంది, కాదనము. కాని బ్రాంచి పోస్టాఫీసు నుంచి బడి గుమ్మం దాకా ఆ కట్టను మోసేది గ్రామీణ డాక్ సేవక్. 2018 సవరణలో ఆయన భత్యాన్ని రోజుకు నాలుగు లేక అయిదు గంటల పని లెక్కన కట్టారు. సేవ పేరు చెప్పి ఆయన సైకిలు మీద లెక్కకు రాని మరో బరువు పెట్టడానికి మనం ఒప్పుకోరాదు. చేరవేసిన ప్రతి కట్టా పనిభారంలో నమోదు కావాలి.

కనుక దగ్గరి పల్లెల బాధ్యత మనమే తీసుకుందాము. బడికి ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వండి. ఒకరు లైను మీద ఉంటే రెండవవారు వెళ్ళాలి. పక్షానికి ఒకసారి సంచి మార్చాలి. పోయిన పుస్తకానికి పూచీ మన కమిటీదేనని ప్రధానోపాధ్యాయునికి ముందుగా రాసి ఇవ్వాలి.

విజయనగరం మిత్రులను కూడా ఇద్దరిద్దరి పేర్లు అడిగాము. అవి అందేవరకు తెలుగు కట్టలు ఇక్కడే ఉండనివ్వండి. నేల మీద వద్దు, చెదలు పడతాయి. బల్ల మీదికి ఎక్కించండి.