గీజరు కింద నీటిచుక్క



గీజరు కారితే కొత్తది కొనమనేవారే ఎక్కువ. ఆళ్లగడ్డలో మా అమ్మాయి ఇంట్లోనూ అదే మాట అన్నారు. ఫైలు తెరవకుండానే నోటు రాసినట్టుంది! చుక్క ఎక్కడినుంచి పడుతున్నదో ముందు చూడాలి. సేఫ్టీ వాల్వు నుంచైతే అది ఒత్తిడి వదలడం. దానిని ఎన్నడూ మూయరాదు. అడుగున కాయిలు బిగించినచోట కారితే మాత్రం ప్రమాదం. వైర్లుండేది అక్కడే. స్నానం చేసేవారి ప్రాణానికే ముప్పు. స్విచ్చి ఒక్కటీ చాలదు, మెయిన్ కూడా దింపాలి.

మెకానిక్కును పిలిపించి, నీళ్లు కట్టి, ట్యాంకు ఖాళీ చేయించి, కాయిలు ఊడదీయించాను. తెల్లగా సున్నం అట్టలు కట్టి ఉంది. మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం సున్నపురాయి నేల. బోరునీళ్లు కాగితే మిగిలేది అదే. రబ్బరు వాషరు బిరుసెక్కి పగిలింది. అటువంటిదాని మీద నట్లు ఎంత బిగించినా వృథా. సున్నం గీకి, కొత్త వాషరు వేసి, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించాడు. వేడినీటి కుళాయి నిండుగా పారేదాకా స్విచ్చి వేయనివ్వలేదు. ఖాళీ ట్యాంకులో కాయిలు కాలిపోతుంది.

రెండు రోజులు కింద పాత కాగితం పరచి చూశాం. తడవలేదు.