దిద్దిన బొమ్మ, పుట్టించిన బొమ్మ



నేడు పట్టాలు అందుకొంటున్న తరం బొమ్మను దిద్దడం నేర్చుకొన్నది ఫొటోషాప్ వంటి సవరణ సాధనాలతో. ఉద్యోగంలో ఆ తరం చేతికి రానున్నది జనరేటివ్ ఏఐ, అంటే కావలసినదాన్ని మాటల్లో అడిగితే కొత్త బొమ్మను పుట్టించి ఇచ్చే కృత్రిమ మేధ. ఈ మార్పును పాత పనిముట్టు స్థానంలో వేగమైన పనిముట్టు రావడంగా మాత్రమే చూడడం చాలదు. బొమ్మకూ వాస్తవానికీ ఉన్న సంబంధమే ఇక్కడ మారుతున్నది.

1990లో తొలి వెర్షన్ వెలువడిన ఫొటోషాప్‌లో పని ప్రధానంగా చేతిలో ఉన్న చిత్రం మీదనే సాగేది. ఆ చిత్రం పిక్సెళ్ల కూర్పు, అంటే ఒక్కొక్కటి ఒక్కొక్క రంగు విలువ గల చుక్కల వరుస. మార్పును లేయర్ మీద, అంటే మూలచిత్రంపై పరచిన పారదర్శకమైన పొర మీద చేస్తే, ఆ పొరను తొలగించగానే మూలం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది గనుక, ఎక్కడ ఎంత దిద్దారో చూపించడం సాధ్యమయ్యేది. 2022 ఆగస్టులో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ దారి వేరు: శీర్షికలతో కూడిన కోట్ల చిత్రాలకు మెల్లమెల్లగా గజిబిజి చుక్కలు కలిపి, వాటిని తిరిగి తొలగించడం నేర్పిన ఆ నమూనా, ప్రాంప్ట్, అంటే వాడుకరి ఇచ్చిన మాటల సూచన, అందగానే ఉత్త గజిబిజితో మొదలుపెట్టి అంచెలంచెలుగా బొమ్మను తేలుస్తుంది. అక్కడ వెనక్కి వెళ్లి చూడదగిన మూలచిత్రమంటూ ఉండదు.

ఈ తేడా ఎంత లోతైనదో లేపాక్షి వీరభద్రాలయం కప్పు కింద నిలబడితే తెలుస్తుంది. విజయనగర పాలకుడు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ ఆలయంలో కప్పుల మీది చిత్రాలు కొన్నిచోట్ల పెచ్చులూడిపోయాయి. ఒక స్త్రీమూర్తి చీర అంచు సగం రాలిపోయిందనుకొంటే, క్లోన్ స్టాంప్‌తో, అంటే చిత్రంలోని ఒకచోటి పిక్సెళ్లను మరోచోటికి నకలు చేసే ఉపకరణంతో, మిగిలిన అంచునే జరిపి ఖాళీని పూరించవచ్చు. అది ఊహే అయినా, ఆధారం ఆ కప్పు మీదనే ఉంటుంది. 2023లో ఫొటోషాప్‌లోనే చేరిన జనరేటివ్ ఫిల్ ఆ ఖాళీకి ఒకేసారి మూడు వేర్వేరు అంచులను చూపుతుంది. ఆనాటి చిత్రకారుడు వేసినది ఒక్క అంచే. మూడూ అందంగా ఉండడం మూడింటిలో ఏదైనా నిజమనడానికి సాక్ష్యం కాదు.

పైగా ఆ ఊహకు ఆధారమైన సామగ్రి ఎక్కడిదో కూడా గమనించాలి. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి నమూనాలకు మూలమైన లాయన్ సేకరణలోని దాదాపు 585 కోట్ల చిత్ర-శీర్షిక జంటల్లో సుమారు 232 కోట్లు ఆంగ్లానివి కాగా, శిక్షణకు ప్రధానంగా వాడినది ఆ ఆంగ్ల భాగాన్నే. అటువంటి నమూనా లేపాక్షి చిత్రాల్లోని పొడవాటి కుళ్లాయి టోపీని పోల్చుకోలేక దాని స్థానంలో ఏ తలపాగానో చుడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేరుశనగ ఊడలు దిగే వేళకు ముఖం చాటేసే వాన, దిక్కుగా ఉన్న ఈ అనంతపురం పీఠభూమిలో ఛాయాచిత్రం అలంకారం కాదు, బతుకుతెరువుకు రుజువు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పని జరిగిన చోటును అక్షాంశ రేఖాంశాలతో నమోదు చేసే ఫొటోలు తర్వాత అందులో భాగమయ్యాయి. 2023 జనవరి నుంచి కూలీల హాజరుకు రోజుకు రెండు పూటలా ఫొటో తప్పనిసరి అయింది. తవ్వని పంట కుంటను తవ్వినట్లు, ఎండని చేనును ఎండినట్లు క్షణాల్లో పుట్టించే వీలు వచ్చినప్పుడు, దొంగ ఫొటో వల్ల ఖజానాకు కలిగే నష్టంకన్నా, నిజమైన ఫొటోను కూడా అధికారి నమ్మని రోజు వస్తే నిజంగా పంట పోయిన రైతుకు కలిగే నష్టమే పెద్దది. అందుచేత ఉపాధి పనులు, పంట నష్టం వంటి దస్త్రాలకు వెళ్లే చిత్రంలో జనరేటివ్ ఏఐకి చోటు ఉండరాదు, వెలుగు పెంచడం వంటి సవరణ జరిగినా మూల ఫైలును విడిగా భద్రపరచాలి. చిత్రం ఎక్కడ పుట్టింది, ఎవరు ఏమి మార్చారు అన్న చరిత్రను ఫైలుకే జోడించే ప్రమాణం కోసం 2021లో ఏర్పడిన సీ2పీఏ కూటమి కృషిని ఇక్కడి కంప్యూటర్ విద్యార్థులు అధ్యయనం చేయడం ఎంతో అవసరం.

ధర్మవరం పట్టుచీర విషయంలో మాత్రం ఇంత జంకు అక్కరలేదు. కొత్త కొంగుకు, కొత్త బుటాకు ఆలోచనలు వెదికే డిజైనర్‌కు జనరేటివ్ ఏఐ పూటలో పదుల నమూనాలు చూపగలదు, అక్కడ ఊహే పని. అయితే జకార్డ్ మగ్గానికి కావలసింది గళ్ల కాగితం వంటి గ్రాఫ్. ఒక్కొక్క గడి పడుగు పోగు లేవాలో వద్దో తేల్చిచెప్పాలి. యంత్రం పుట్టించిన బొమ్మలోనేమో రంగులు వేలకొలది, అంచులు మసక. వాటిని నాలుగైదు రంగులకు కుదించి, గడి గడీ చూసి దిద్ది, మగ్గాన్ని నడిపే చిల్లుల అట్టలకు ఎక్కించే పని డిజైనర్‌దే గనుక, ఆ బొమ్మ మగ్గం ఎక్కేలోగా పాత సవరణ సాధనానికి మళ్లీ పని పడుతుంది.