సర్సీ సంపాదించుకొన్న స్వాతంత్ర్యము



గ్రీకు మహాకవి హోమరు రచించిన ‘ఒడిస్సీ’ పదవ సర్గలో సర్సీ యను మంత్రగత్తె కథ కలదు. ఆమె సూర్యదేవుడగు హీలియోసు కూతురు. తన దీవికి వచ్చిన నావికులను పందులుగా మార్చును. ఒడిస్సియసు కత్తి దూయగానే లొంగిపోయి, అతని నొక సంవత్సరము ఆదరించును. ఆమె యేల అట్లు చేసినదో కవి చెప్పలేదు. కథ నాయకునిది గదా!

2018లో మెడలిన్ మిల్లర్ అను అమెరికా రచయిత్రి తన ‘సర్సీ’ నవలలో ఆ కథను ఆమె నోటనే చెప్పించినది. ఇందలి సర్సీ తండ్రి కొలువులో అందరి హేళనకును గురియైన పిల్ల. వెలివేయబడి ఒంటరిగా దీవికి చేరిన పిమ్మటనే ఆమె చదువు సాగినది. ఏ మూలికను ఏ వేళ కోయవలెనో, ఎట్లు నూరవలెనో, ఎన్ని మారులు చెడిన పిమ్మట ఒకటి ఫలించునో, చేతులు కాయలు కాచునట్లు నేర్చుకొన్నది. జన్మమువలన గాక శ్రమవలన అబ్బిన విద్య యిది. నవలలో మిక్కిలి రుచించు భాగము నిదియే. పందుల ముచ్చటకును ఇందు కారణము కలదు: ఆశ్రయమిచ్చిన యామెను ఓడ నాయకుడే చెరచెను. అయినను ఆ పగతో ఆమె బంధము తీరలేదు. ఒడిస్సియసు సైతము వచ్చిపోయిన అతిథి మాత్రమే.

పిదప కొడుకుకొరకై అథీనా దేవినే ఎదిరించినది. తుదకు తండ్రి యెదుట నిలిచి, శిక్ష తొలగింపుమని యాచింపక శాసించినది. అటుపిమ్మట అమరత్వమును వదలి మర్త్యురాలగుటకై, తానే కాచిన మందును పెదవుల కెత్తుకొన్నది.