కులగణనము - కూలిగణనము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మేము బహువత్సరములు పాఠశాలయందు సంస్కృతాంధ్రములు బోధించినవారము. రాజకీయవేదికల నెక్కినవారము కాము. ఐనను పద్మశాలికులమున పుట్టి, మగ్గపు చప్పుడు వినుచు అక్షరములు దిద్దినవారము గనుక, దేశరాజకీయములను గూర్చియు, పత్రికలను గూర్చియు, మన సంఘధర్మమును గూర్చియు మాకు తోచినదానిని దాపరికము లేక విన్నవింతుము.

మా ఉపన్యాసమునకు మేమిడిన పేరు వినగానే వ్యాకరణవేత్తలు నొసలు చిట్లింతురు. కులశబ్దము సంస్కృతము, గణనశబ్దము సంస్కృతము. ఆ రెంటికి సమాసము కుదురును. కూలి అన్నది తెలుగుమాట. దానిని గణనముతో జతపరచుట వైరిసమాసము. విద్యార్థి యెవరైన నిట్లు వ్రాసియుండిన మేమే ఎఱ్ఱసిరాతో కొట్టివేసియుందుము. కాని యీ రెండు మాటలును ఒకచోట నిముడకపోవుట వ్యాకరణమందే కాక మన రాజకీయములందును కలదు. కులమును లెక్కించుటకు నేడు పలువురు ముందుకు వచ్చుచున్నారు. కూలిని లెక్కింపుడన్నచో ముందుకు వచ్చువారు అరుదు.

కులగణనము వలదని మేమనుట లేదు. అది న్యాయమైన కోరిక. 1931 జనగణన తరువాత, షెడ్యూల్డు కులములకును తెగలకును దక్క, తక్కిన కులముల సంఖ్యలు దేశమునకు లభింపలేదు. 2011లో సేకరించిన కులవివరములు వెలుగు చూడలేదు. మన తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో ఇంటింటి సర్వే నారంభించి, 2025 ఫిబ్రవరిలో ఫలితములను శాసనసభ ముందుంచెను. ముస్లిములలోని వెనుకబడినవారితో కలిపి వెనుకబడిన తరగతులవారు నూటికి 56.33 మంది యని తేలినది. 2025 ఏప్రిలు 30న కేంద్రప్రభుత్వము సయితము రాబోవు జనగణనలో కులమును లెక్కించుటకు నిశ్చయించెను. పాలనలోను, చదువులోను, ఉద్యోగములలోను తన భాగమెంతయో తెలియనివాడు తన భాగమును అడుగజాలడు. కావున ఈ లెక్కను మేము మనసార ఆహ్వానించుచున్నాము.

కాని మనవారెందఱో తెలిసినంతమాత్రమున మనవారెట్లు బ్రతుకుచున్నారో తెలియదు. సిరిసిల్లను చూడుడు. ఇరువదివేలకు మించిన మరమగ్గములు గల ఊరది. అచ్చట నూలు తెప్పించి గుడ్డ యమ్మువారిని యజమానులందుము. కొన్ని మగ్గములు కలిగి, యజమాని యిచ్చిన నూలు నేయించి యిచ్చువారిని ఆసాములందుము. ఆ మగ్గముల యొద్ద నిలిచి మీటరుకింత యని కూలి పుచ్చుకొనువారిని కార్మికులందుము. భీములు పట్టు వార్పినువారును, వైపనివారును వేఱు. వీరిలో అధికభాగము మన కులమువారే. జనాభాపట్టికలో ఈ యందఱును ఒక్క గడిలో వ్రాయబడుదురు. మగ్గమునొద్ద పండ్రెండు గంటలు నిలిచినవాడును, ఆ గుడ్డ నమ్మి మేడ కట్టినవాడును ఆ గడిలో సమానులే. ఆ గడి వెలుపల వారి సమానత్వ మెంతటిదో మీ రెఱుగుదురు.

మనము భావనాఋషి సంతతివారమని చెప్పుకొందుము. తామరతూడుల దారముతో దేవతలకు వస్త్రములు నేసిన మహానుభావుడాయన. ఆ కథను మేము భక్తితో వినుచున్నాము. కాని దేవతలు ఆయనకు మూర కెంత కూలి యిచ్చిరో కథ చెప్పువారెవరును చెప్పరు. గౌరవము చెప్పి కూలి చెప్పకపోవుట నాటినుండియే వచ్చుచున్నదేమో! ఇది మన కులమునకే, మన దేశమునకే చెందిన లోపము కాదు. 1844లో జర్మనుదేశమందలి సైలీషియా నేతవారు తమకు పని యిచ్చు వర్తకులపై తిరుగబడిరి. నేయువారును, నేయించువారును ఒక్క ప్రాంతమువారే, ఒక్క భాషవారే. ఐనను కూలి తఱిగిన దినమున ఆ బంధుత్వము వారి ఆకలిని తీర్చలేదు.

ఇక స్త్రీల మాట. 2019-20 అఖిలభారత చేనేతగణనము ప్రకారము దేశమందలి చేనేతపనివారు సుమారు 35 లక్షలు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. చేనేతకుటుంబములలో మూడింట రెండు వంతులవారి నెలసరి ఆదాయము 5000 రూపాయలకు లోబడినది. మన యిండ్లలో కండెలు చుట్టునది యెవరు? ఆ పనికి వేఱుగ కూలి కట్టినవారెందఱు? సిరిసిల్లలోను, నిర్మలు ప్రాంతమునను నేతవాని యిల్లాలు బీడీలు చుట్టి, వెయ్యికింత యని తెచ్చిన రూకలతోనే పలుమారు పొయ్యి రాజుచున్నది. అట్టి యిల్లాలిని “గృహిణి, పని లేదు” అని వ్రాసికొను పట్టిక యెంత సత్యమైనది?

రాజకీయములకు వత్తము. ఆగస్టు 7వ తేది మనకు రెండు విధముల స్మరణీయము. 1905లో ఆ దినమున స్వదేశోద్యమము ప్రకటితమయ్యెను. దాని జ్ఞాపకార్థమే 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేతదినముగ జరుపుచున్నారు. 1990లో అదే దినమున ప్రధాని విశ్వనాథ ప్రతాప సింగుగారు మండలు సిఫారసుల నమలుపఱతుమని పార్లమెంటున ప్రకటించిరి. చేనేతదినమున వేదికలపై నేతవానికి శాలువ కప్పుదురు. కాని 2017 జూలైలో వచ్చిన వస్తుసేవాపన్ను చేనేతవస్త్రమును సయితము విడువక నూటికి 5 చొప్పున విధించెను. 2020 జూలైలో, మహమ్మారివలన మగ్గములు మూలబడియున్న వేళ, అఖిలభారత చేనేతమండలిని కేంద్రము రద్దు చేసెను. నేతవాడు తన గోడు చెప్పుకొనుటకు ఢిల్లీలో ఉన్న ఆ పీట యొకటియు పోయెను.

మన రాష్ట్రమందును విచారింపవలసినది కలదు. 2017 నుండి కొన్నియేండ్లు బతుకమ్మచీరెల నేతపని సిరిసిల్లకు వచ్చెను. అది మేలైన పనియే. ఆ పని నిలిచినంతనే మగ్గములును నిలిచినవి. ఒక్క కొనుగోలుదారుని దయపై ఊరంతయు బ్రతుకుట యెంతకాలము చెల్లును? ఆదిలాబాదు నల్లరేగడిలో ప్రత్తి విరివిగ పండును. ఆ ప్రత్తి బేళ్లు కట్టబడి పరప్రాంతములకు పోవుచున్నది. సిరిసిల్ల మగ్గములకు పరప్రాంతములనుండి పాలిస్టరు నూలు వచ్చుచున్నది. నడుమ అంతర్గాములో నొక నూలుమిల్లు ఉండెను, అదియు మూతపడెను. పండించువాని ధర, నేయువాని కూలి, రెండును దూరమున నున్న వర్తకుడు నిర్ణయించుచున్నాడు. కరీంనగరు నేతవాడును ఆదిలాబాదు ప్రత్తిరైతును ఒక్క దారపు రెండు కొసలను పట్టుకొనియున్నారు. కులములు వేఱైనను వారి కష్టము వేఱు కాదు.

మతము పేరిట మనలను పిలుచువారు నేడధికమైరి. వారికి మా యుత్తర మొక్కటే. మనవారు బ్రతుకుతెరువునకై షోలాపురము, భీవండి, సూరతు పోయి తరతరములైనది. భీవండిలో మనవారును, ముస్లిము నేతవారును ఇరుగుపొరుగు మగ్గములపై పని చేసినవారే. 1984 మే నెలలో అచ్చట చెలరేగిన మతకలహములలో ప్రాణములును, ఇండ్లును, జీవనాధారములును నాశనమైనవి. మగ్గము నిలిచిన దినమున దాని యొద్ద పని చేయు హిందువునకు కూలి లేదు, ముస్లిమునకును లేదు. ఆ నష్టమును ఏ మతనాయకుడు పూరించెను?

పత్రికల సంగతి. నిజాం పాలనలో, తెలుగునకు చోటు లేని కాలమున, 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండపత్రికను స్థాపించిరి. 1948 ఆగస్టులో ఇమ్రోజు సంపాదకుడు షోయబుల్లాఖాను తన వ్రాతలకై హైదరాబాదునందు హతుడయ్యెను. అట్టి త్యాగముల మీద నిలిచిన వృత్తి యది. నేడు పత్రిక నోరు మూయించుటకు నిజాము అక్కఱలేదు. ప్రకటనలు నిలిపిన చాలును. దూరదర్శనపేటికలలో రాత్రులందు జరుగు వాగ్వాదములలో గుడి, మసీదు, కులము, నాయకుని అలుక, ఇవన్నియు వచ్చును. మీటరుకెంత కూలి యన్న ప్రశ్న రాదు. నేతవాడు ఉరి వేసికొన్న మఱునాడు అతని పేరు, వయస్సు, పిల్లల సంఖ్య అచ్చగును. అతడు బ్రతికియున్న దినములలో అతనికెంత ముట్టుచుండెనో, అప్పెంత పెరిగినదో అచ్చు కాదు. చావు వార్తయై, చావునకు కారణము వార్త కాకుండుట మనము సహింపరానిది.

“ఇట్టి మాటలు కులసభలో పలికిన ఐకమత్యము చెడదా?” అని కొందఱు పెద్దలు శంకింతురు. దీనికి మన గడ్డపైననే సమాధానము కలదు. 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన నిజామాంధ్ర మహాసభ మన సిరిసిల్లలోనే జరిగెను. ఆ కాలమున సభ భాషకును, విద్యకును, సంస్కారమునకును పాటుపడెను. తరువాత వెట్టిచాకిరియు, రైతుబాధలును చర్చకు వచ్చినప్పుడు ఐకమత్యము చెడునని భయపడినవారు కలరు. 1944లో భువనగిరియందు సభ చీలెను గూడ. ఐనను వెట్టిని గూర్చి యడిగినందువలననే తెలంగాణ పల్లె తల యెత్తెను. ఆదిలాబాదు జిల్లా వాంకిడిలో 1915లో జన్మించిన మన కొండా లక్ష్మణ్ బాపూజీగారు నేతవారిని సహకారసంఘములుగ కూర్చుటకు శ్రమించిరి. 1969లో తెలంగాణమునకై మంత్రిపదవిని త్యజించిరి. వారి విగ్రహమునకు పూలదండ వేయుట సులభము; వారి సహకారమార్గమున నడచుట కష్టము.

మాలోని యజమానులు దయాళువులు కారని మేమనము. ఈ సభాపందిరియు, విద్యార్థుల వసతిగృహములును వారి దానమువలననే నిలుచుచున్నవి. కాని దయ వేఱు, న్యాయము వేఱు. దయ యిచ్చువాని యిష్టము. కూలి పుచ్చుకొనువాని హక్కు.

కావున ఈ మహాసభ యెదుట మూడు మనవులు. ఒకటి: మన సంఘమే గ్రామగ్రామమున కులస్థుల పట్టిక వ్రాయునపుడు మగ్గములెన్ని, పనిగంటలెన్ని, మీటరుకు కూలి యెంత, అప్పెంత, ఇంటి స్త్రీలు చేయు పని యేమి, అన్నవియు వ్రాయవలెను. రెండు: ఆ లెక్కను వచ్చుసంవత్సరపు సంచికలో, దాతల ఛాయాచిత్రములకు ముందుపుటలో, ప్రకటింపవలెను. మూడు: కూలిరేట్లు మాటలాడునపుడు యజమానులు, ఆసాములు, కార్మికులు సమసంఖ్యలో కూర్చుండునట్టి సమితి నేర్పఱచి, అందు స్త్రీలకు చోటీయవలెను.

ప్రభుత్వములను లెక్క యడుగు మనము ముందు మన యింటి లెక్క చూపుదము. అప్పుడే మన మాటకు బలముండును. సమాసము తప్పైనను సరే, వైయాకరణులు మమ్ము క్షమింతురు గాక; కులగణనమునకు ప్రక్కన కూలిగణనమును వ్రాసికొనుడని వేడుచున్నాము.