ఆపేముందు లెక్క సరిగ్గా చూద్దాం



హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమయ్యాక, మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం, రాయడం నేర్పే బాధ్యత ఇంటిమీద, సంఘంమీద పడింది. అలా నడిపే సాయంకాలపు తరగతి నష్టంలో ఉందని కమిటీలో మాట వస్తే మనం ఏం చేయాలి?

ఉదాహరణకు ఒక లెక్క వేసుకుందాం. తరగతికి నెలకు ఫీజులు, కానుకలు కలిపి వచ్చేది 6,000 రూపాయలు. పద్దులో రాసిన ఖర్చు 15,000: టీచరమ్మకు 4,000, పుస్తకాలకు 1,000, హాలు అద్దెలో వాటా 7,000, కాపలా మనిషి జీతంలో వాటా 3,000. నష్టం 9,000. చూడగానే ఆపేద్దామనిపిస్తుంది.

కానీ ఆపితే ఏ ఖర్చు తగ్గుతుంది? టీచరమ్మకు, పుస్తకాలకు ఇచ్చే 5,000 మాత్రమే. ఆదివారం ఆరాధన జరిగేదీ ఆ హాలులోనే కనుక అద్దె, కాపలా ఖర్చు అలాగే ఉంటాయి. వచ్చే 6,000 మాత్రం పోతాయి. అంటే ఆపినందువల్ల సంఘానికి నెలనెలా మరో వెయ్యి నష్టం. నిరుడు కొన్న బెంచీల డబ్బు ఎలాగూ తిరిగిరాదు. దాన్ని ఈ లెక్కలోకి తేకూడదు.

నిజాయితీగా ఇంకొకటి కూడా చూడాలి. ఆ సాయంత్రాలకు హాలును ఎవరైనా 3,000కు అడిగితే, మనం వదులుకునే ఆ మొత్తమూ తరగతి ఖర్చే. అప్పుడు తరగతి నెలకు 2,000 భారం. ఈ పిల్లల కోసం ఆ 2,000 మోయగలమా అన్నదే అసలు ప్రశ్న. మోయలేకపోతే ఆ మాటే చెప్పాలి. 9,000 నష్టమని పిల్లలమీద నెట్టకూడదు.

ఆపినదాన్ని మళ్లీ మొదలుపెట్టడానికయ్యే ఖర్చూ లెక్కే. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో చిన్న రైలు వచ్చింది, 1936లో ఆగిపోయింది. పట్టాలు పోయాక మళ్లీ రైలు కావాలంటే దారంతా కొత్తగా వేయాల్సిందే. కృష్ణగిరి పట్టణం ఇప్పటికీ రైలు కోసం అడుగుతూనే ఉంది. చెదిరిపోయిన తరగతీ అంతే.

గోపురం కట్టేముందు ఖర్చు చూసుకోమన్న ఉపమానం లూకా 14లో మనకు తెలిసిందే. కట్టడానికే కాదు, ఆపడానికీ ఆ లెక్క అవసరం. యువతీయువకులారా, ఈసారి కమిటీలో పద్దు పుస్తకం తీసినప్పుడు వినయంగానే అడగండి: ఆపితే నిజంగా తగ్గే ఖర్చు ఏది? తగ్గకుండా మిగిలేది ఏది? మనం పోగొట్టుకునే పిల్లలు ఎందరు?